మిల్లు డ్యూటీ, క్రైస్తవ సంఘం పని రెండూ చేస్తూ అలసిపోయాను, ఉత్సాహం తిరిగి రావాలంటే?

వందనాలు బ్రదర్. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో షిఫ్టులు చేస్తూ ఊళ్లో చిన్న సంఘం నడుపుతున్నానని, ఏళ్లు గడిచినా పదిమందే వస్తున్నారని రాశారు.

ముందు ఒంటి సంగతి చూసుకోండి. బైబిల్లో మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త దేవుడితో ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. చేయాల్సిన పని మాట ఆ తర్వాతే వచ్చింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా ఉపవాస ప్రార్థనకు వెళ్లడమే భక్తి అనుకుంటాం గానీ, నా దృష్టిలో నిద్ర కూడా దేవుడి ఏర్పాటే.

ఇక పదిమందే అన్న బాధ. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డే గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు పోయారు. ఆ అనువాదాలు అచ్చయింది 1812లో. ఇద్దరూ చూసుకోలేదు. చేసిన పని మాత్రం నిలిచింది.

మిల్లు పనిని సేవకు అడ్డుగా చూడకండి. అపొస్తలుడు పౌలు కూడా డేరాలు కుట్టాడు. మగ్గం మీద తెగిన దారం శ్రద్ధగా ముడివేయడం కూడా, కొలొస్సయులకు 3:23 ప్రకారం, ప్రభువు కోసం చేసేదే.

నెలకో ఆదివారం వాక్యం చెప్పే బాధ్యత సంఘంలో ఇంకొకరికి ఇవ్వండి. మొదట్లో తడబడతారు, పర్వాలేదు.