ఆ 0.4 కలపకపోతే నేనెక్కడ ఉండేదాన్ని?

ప్రశ్న: నా వయసు 27. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లెటూరు. అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చారు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. తర్వాత బాసర ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఐదేళ్లవుతోంది. గత నెల నన్ను టీమ్ లీడ్ చేస్తామన్నారు. ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర లేదు. సీటేమో గవర్నమెంట్ బడి పిల్లల పదో తరగతి జీపీఏకి అప్పట్లో కలిపిన 0.4 వల్ల వచ్చింది. ఉద్యోగం, ఇంటర్వ్యూలో నాకు తెలిసినవే అడిగారు కాబట్టి వచ్చింది. ఇక్కడ పక్క సీటు అతను సాయం చేస్తుంటే నెట్టుకొస్తున్నాను. మీటింగ్ ఉందంటే ముందు రోజు రాత్రి రెండింటి దాకా కూర్చుని చదువుతాను. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒకసారి మీటింగ్‌లో నేను మాట్లాడిన ఇంగ్లీషుకు ఇద్దరు నవ్వుకున్నారు, అది ఇప్పటికీ గుర్తొస్తుంది. మా వారు ‘ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటారు. ఏదో ఒక రోజు నాకేమీ రాదని బయటపడుతుంది. లీడ్ వద్దని చెప్పేయనా? వారంలోగా చెప్పాలి.

జవాబు: ముందు ఆ 0.4 సంగతి చూద్దాం. మీరు మిగతావన్నీ దాని మీదే కట్టుకుంటూ వచ్చారు.

ప్రభుత్వ బడి పిల్లల జీపీఏకి 0.4 కలిపింది అడ్మిషన్ వరకే. లోపలికి వెళ్లాక ఇంటర్‌లాంటి పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. ఆ ఆరేళ్లలో ఏ సెమిస్టర్‌లోనైనా మీ పేపర్‌కి ఎవరైనా 0.4 కలిపారా? పెద్ద బళ్లలో చదివిన పిల్లలకూ పాయింట్లు కలుస్తాయి. ట్యూషన్లు, గైడ్లు, ఇంట్లో చదువు చెప్పే తండ్రి, సాయంత్రం ఇంటిపని లేకపోవడం, ఇవన్నీ కలిస్తే ఎన్ని పాయింట్లో ఎవరూ లెక్కగట్టరు. మీకు కలిపింది మాత్రం కాగితం మీద రాసి ఉంది. మీ మనసు పదకొండేళ్లుగా దాన్నే పట్టుకుని కూర్చుంది.

మీ ఉత్తరంలో నాకు ఇంకొకటి కనబడింది. సీటు ప్రభుత్వం ఇచ్చింది, ఉద్యోగం అదృష్టం ఇచ్చింది, పని పక్కసీటు అతను చేయిస్తున్నాడు. మీ పేరు మీద రాసుకున్నది ఒక్కటే, ఆ రోజు తడబడిన ఇంగ్లీషు. వచ్చినదంతా వేరేవాళ్ల ఖాతాలో వేసి, పోయినది మాత్రం మీ ఖాతాలో రాసుకుంటే ఎప్పటికైనా లెక్క తేలుతుందా? అతను మీకు సాయం చేశాడు, సరే. ఈ ఏడాదిలో మీరు అతనికి ఎన్నిసార్లు చేశారు? అది ఉత్తరంలో లేదు. గుర్తు తెచ్చుకుని చూడండి.

దీనికి ఒక పేరుంది, ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటారు. 1978లో అమెరికాలోని జార్జియాలో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ నిపుణులు దీని గురించి మొదటిసారి రాశారు. వాళ్లు చూసింది 150 మందికి పైగా ఆడవాళ్లని. అందులో పీహెచ్‌డీలు చేసినవాళ్లు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, చదువులో ముందున్న విద్యార్థినులు ఉన్నారు. అందరిదీ మీ మాటే: ‘నన్ను చూసి అందరూ పొరబడుతున్నారు.’ మగవాళ్లలోనూ ఇది ఉంటుందని తర్వాత తేలింది. వాళ్లిద్దరూ దీన్ని సిండ్రోమ్ అనలేదు. ఆ మాట తర్వాత జనంలో పడింది. మానసిక వ్యాధుల జాబితాలో ఇది లేదు. మీకు జబ్బేమీ చేయలేదు.

అసలు చిక్కు ఆ రాత్రి చదువులో ఉంది. రెండింటి దాకా చదువుతారు, మర్నాడు మీటింగ్ బాగానే జరుగుతుంది. అప్పుడు ‘నాకు పని వచ్చు’ అనుకోరు, ‘రాత్రంతా చదివాను కాబట్టి ఈసారికి గండం గడిచింది’ అనుకుంటారు. తాయెత్తు కట్టుకున్నవాళ్ల సంగతీ ఇంతే. దయ్యం రాకపోతే అది తాయెత్తు మహిమ. విప్పి చూసే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి దయ్యం ఉందో లేదో ఎన్నటికీ తెలియదు. పైగా దాచిపెట్టి చేయడం వల్ల నిజంగానే ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఉంటుంది.

ఆ తాయెత్తు ఒకసారి విప్పి చూడండి. మరీ పెద్ద మీటింగ్‌కి వద్దు, వారం వారం జరిగే మామూలు మీటింగ్ చాలు. రాత్రి ఒక గంట చూసుకుని పడుకోండి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందే ఒక కాగితం మీద రాయండి, మీటింగ్ అయ్యాక ఏం జరిగిందో దాని కిందే రాయండి. నాలుగు వారాలు ఇలా చేయండి. ఈ నాలుగు వారాల్లో ఒక్కసారైనా, తెలియని ప్రశ్న వస్తే అందరి ముందూ ‘ఇది నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను’ అనండి. గొంతు వణుకుతుంది. వణకనివ్వండి. మీ సీనియర్లు ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటున్నారో కూడా ఓ చెవి వేసి ఉంచండి.

ఇంగ్లీషు సంగతి వేరు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన మనిషికి గడగడా మాట్లాడటం కొంచెం కష్టమే, అది నిజమైన లోటు. కానీ లోటు ఉండటం వేరు, మోసం చేయడం వేరు. లోటును నేర్చుకుని పూడ్చుకోవచ్చు. వాళ్లిద్దరూ అలా నవ్వుకోవడం మాత్రం మీ జబ్బు కాదు, వాళ్ల కుసంస్కారం. దానికీ మీరే మందు వేసుకోనక్కర్లేదు.

మీ అమ్మగారిని గుర్తు చేసుకోండి. చుట్టిన బీడీలు తీసుకెళ్తే అక్కడ చూసేవాళ్లు బాగాలేవని కొన్ని పక్కన పడేస్తారు. ఆవిడ తిట్టుకుంటుంది, ఇంటికొచ్చి మళ్లీ ఆకు కత్తిరించుకుంటుంది. ‘నాకసలు బీడీలు చుట్టడమే రాదు, ఇన్నేళ్లూ అందర్నీ మోసం చేశాను’ అని ఏనాడైనా కుమిలిపోయిందా? ఎందుకు లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు అడగండి. మన ఇళ్లలో పిల్లల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అంటారు కదా, అందుకని మీ గురించి ఊళ్లో ఏం చెప్పుకుంటుందో మీతో ఎప్పుడూ అని ఉండదు. అదీ అడగండి.

మీ వారు చెడ్డగా అనలేదు, కానీ ‘ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటే ఎవరికీ ఆలోచన ఆగదు. ఆ నాలుగు వారాల కాగితం ఆయనకు చూపించండి, మీరు రాత్రి పుస్తకాలు మూయాల్సిన వేళకు గుర్తు చేయమనండి. నిద్ర ఇంకా రెండు మూడు వారాలు ఇలాగే ఉన్నా, పొద్దున లేవగానే ఆఫీసు పేరు వింటే గుండె దడగా ఉన్నా సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక లీడ్ మాట. ఆ పని మీకు ఇష్టం లేకపోతే, కోడ్ రాసుకుంటూ ఉండటమే హాయి అనిపిస్తే, నిక్షేపంగా వద్దనండి. అందులో చిన్నతనం లేదు. బయటపడిపోతాననే భయంతో మాత్రం వద్దనకండి. ఈ వారం మేనేజర్ దగ్గర ఒక అరగంట తీసుకుని రెండు ప్రశ్నలు అడగండి: ‘నన్నే ఎందుకు అనుకున్నారు? మొదటి ఆరు నెలల్లో నా నుంచి ఏం కావాలి?’ చెప్పినవి చెప్పినట్టు రాసుకోండి. మధ్యలో ‘అబ్బే, అదేం లేదండీ’ అనకండి. ఆ అలవాటు మీకు ఉండే ఉంటుంది.

అన్నట్టు, జీతం ఎంత పెంచుతారో కూడా అడగండి. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ మాటే రాయలేదు మీరు.