పాఠకుల ప్రశ్న: తాబేళ్ల సంరక్షణలో పనిచేసేవారు పేరు తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దగ్గర స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబం. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల ఎమ్మెస్సీ పూర్తిచేసి, రెండు సీజన్లుగా ఋషికుల్య నది ముఖద్వారం వద్ద తాబేళ్ల సర్వేలో తాత్కాలిక సహాయకురాలిగా ఉన్నాను. నలుగురికీ తెలిస్తేనే ఫెలోషిప్పులు వస్తాయనీ, తాబేలు పిల్లల వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టమనీ స్నేహితులు అంటున్నారు. నాన్నగారు ఇంకా వేటకు వెళ్తున్నారు కనుక, నేను బయట మాట్లాడితే ఊళ్లో ఏమనుకుంటారోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గోపాల్‌పూర్

జవాబు: మీ స్నేహితుల మాటలో సగం నిజం. ఈ రంగంలో చాలా కొలువులు ప్రాజెక్టు గడువుతోనే ముగిసిపోతాయి కాబట్టి, తరువాతి పనికి మనిషిని వెతికేవారికి మీ పేరు ముందే తెలిసి ఉండడం అవసరమే. కానీ దేనికి తెలిసి ఉండాలన్నది మీరే నిర్ణయించుకోవాలి.

మీ తీరంలో పరిశోధన, ప్రభుత్వ ఉత్తర్వు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి. మీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య నదుల ముఖద్వారాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేటపై ఆంక్షలు ఉంటాయి. ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావలసిన తాబేలు, మరపడవ వెనుక లాక్కెళ్లే ట్రాలు వలలో చిక్కుకుని మునిగి చనిపోతుందని పడవల వారికి వారి మాటల్లో చెప్పడం, ఆ నెలల్లో ఇల్లు గడవడం ఎంత కష్టమో అధికారులకు అర్థమయ్యేలా రాయడం, ఈ రెండూ చేయగలవారు చాలా అరుదు. మీరు ఆ మనిషి కండి. ఏ పడవకు ఏ నియమమో ఉత్తర్వు చదివి స్పష్టంగా రాయండి. మత్స్యకారులందరినీ ఒకే గాటన కట్టి దోషులుగా చూపే మాట ఒక్కటీ రానివ్వకండి. అప్పుడు ఊరివారి ముందు మీరు భయపడవలసిన పని ఉండదు.

వీడియోల విషయంలో కఠినంగానే చెబుతున్నాను. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తల్లి తాబేలు వెలుతురుకు బెదిరి వెనుదిరగవచ్చు. పిల్లలు వెలుగున్న వైపుకే పాకి, సముద్రం దారి తప్పుతాయి. పైగా మీ తీరానికి వచ్చే ఈ ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జీవి. పిల్లను అరచేతిలో పెట్టుకున్న ఒక్క దృశ్యం చూసి వందమంది అదే చేస్తారు. అటవీశాఖ అనుమతి, ప్రాజెక్టు బాధ్యుల సమ్మతి లేకుండా ఏదీ బయటపెట్టవద్దు.

దానికి బదులు ఒక చిన్న విషయాన్ని మీ సొంతం చేసుకోండి. రెండు ఊళ్ల మధ్య ఒడ్డును వారానికోసారి నడిచి, కొట్టుకొచ్చిన చనిపోయిన తాబేళ్ల తేదీ, చోటు, వల గుర్తులు ముట్టుకోకుండానే రాసుకోండి. తాబేళ్ల పరిశోధకుడు సతీశ్ భాస్కర్ 1970వ దశకం చివర నుంచి మన తీరాల వెంట నడుస్తూ రాసిన సర్వే నివేదికల వల్లనే ఆయన పేరు నేటికీ నిలిచి ఉంది. మీరు పనిచేసిన సర్వే నివేదికలో మీ పేరు వేయమని ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగండి. ఇది అడగడానికి మొహమాటపడే సహాయకులే ఎక్కువ, ఆ మొహమాటానికి వారు చాలా నష్టపోతున్నారు. ఒక ఓఆర్‌సీఐడీ (పరిశోధకుల గుర్తింపు) సంఖ్య, ఒక పేజీ పరిచయం సిద్ధంగా ఉంచుకుని, గోపాల్‌పూర్‌లో ఉన్న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జంతుజాల సర్వే సంస్థ) కేంద్రం వారిని స్వయంగా కలవండి.

ఇక తొలి వ్యాసం. 2021లో ఒడిశా తీరంలో 03233 అనే సంఖ్య గల గుర్తింపు ట్యాగు బిగించిన తాబేలు, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. ఎవరో ఒకరు ఒక సంఖ్యను తప్పులేకుండా రాసుకోబట్టే ఆ ప్రయాణం లోకానికి తెలిసింది. ఈ సంగతిని తెలుగులో రాయండి. పత్రికకు పంపే ముందు నాన్నగారికి చదివి వినిపించి, పడవ మీద వారు వాడే మాటకు బదులు పుస్తకపు మాట ఎక్కడ పడిందో ఆయన చేతే దిద్దించుకోండి.