హ్యాండీక్యామ్ క్యాసెట్లతో కూర్చున్న అబ్బాయి, డిగ్రీ మానేస్తానంటున్నాడు

నమస్తే సర్. తెనాలి నుంచి మీరు రాసింది చదివాను. మీ వాడు బీకాం సెకండియర్, అటక మీద దొరికిన పాత హ్యాండీక్యామ్, అందులో వేసే తొమ్మిది మినీ డీవీ (చిన్న వీడియో టేపు) క్యాసెట్లు పట్టుకుని రెండు నెలలుగా కంప్యూటర్ ముందే ఉంటున్నాడు, ఇప్పుడు కాలేజీ మానేసి ఎడిటింగ్‌లోకి వెళ్తానంటున్నాడు, అంతే కదా.

ముందు వాడిని తిట్టడం ఆపండి. ఆ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే ఫైర్‌వైర్ పోర్ట్ (క్యామెరా కేబుల్ పెట్టే పాతకాలం సాకెట్) కావాలి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి అది ఉండదు, పాత డెస్క్‌టాప్ ఎక్కడో సంపాదించి ఉంటాడు. గంట క్యాసెట్‌కి గంట కూర్చోవాల్సిందే, పెన్‌డ్రైవ్ కాపీ లాగా కాదు, గంటకి దాదాపు 13 జీబీ తినేస్తుంది, మధ్యలో క్యామెరాలో టేపు చదివే హెడ్‌కి మురికి పట్టి బొమ్మ గళ్లు గళ్లుగా వచ్చిందా, తుడిచి మళ్లీ మొదట్నుంచి. ఇంత ఓపిక ఉన్న పిల్లలు నా దగ్గరికి తక్కువే వస్తారు.

కానీ క్యాసెట్లు డిస్కులకి ఎక్కించడమే జీవనాధారం అనుకుంటే మాత్రం వద్దు. ఇళ్లల్లో క్యాసెట్లు అయిపోతున్నాయి, డీవీడీ ప్లేయర్లు మూలపడ్డాయి. 4.7 జీబీ డీవీడీలో మంచి క్వాలిటీతో రెండు గంటలు పడుతుంది, చుట్టాలకి పంచడానికి ఓకే. అసలు ఫైల్ మాత్రం రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టమనండి, క్యాసెట్లు పారేయొద్దు, ఫోన్లకి పంపే కాపీకి డీఇంటర్‌లేస్ (ఒకటి విడిచి ఒకటిగా రికార్డయిన గీతల్ని పూర్తి బొమ్మగా కలపడం) చేయమనండి, లేకపోతే చెయ్యి ఊపితే దువ్వెన పళ్లలా గీతలొస్తాయి.

వాడిలో ఎడిటర్ ఉన్నాడో లేదో తేలేది వేరే చోట. గంట బారసాల వీడియోలో నలభై నిమిషాలు అక్షింతలేసి కెమెరా వైపు చూసేవాళ్లే ఉంటారు (మా ఇంట్లో వీడియో కూడా అంతే లెండి). దాన్ని పన్నెండు నిమిషాలు చెయ్యమనండి. నానమ్మని కూర్చోబెట్టి వేసి, ఆవిడ ఎక్కడ లేచి వంటింట్లోకి వెళ్లిందో ఆ నిమిషం రాసుకోమనండి. పెదనాన్న పట్టుపంచె షాట్ తీసేస్తే గొడవవుద్దని ఉంచేస్తే వాడు ఎడిటర్ అవ్వడానికి ఇంకా టైం పడుతుందని అర్థం.

డిగ్రీ సంగతి. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్‌కి మూడేళ్ల కోర్సు ఉంది, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ఎడిటింగ్ ఉంది, రెండూ ఎంట్రన్స్ రాసి చేరాల్సినవి, రెండిటికీ డిగ్రీ అడుగుతారు, బీకాం అయినా పర్లేదు. అంటే ఇప్పుడు మానేస్తే వాడి దారికి వాడే తాళం వేసుకున్నట్టు. ఈలోగా డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ నేర్చుకోవచ్చు, ముహూర్తాల సీజన్లో మీ ఊళ్లోనే ఏదైనా పెళ్లి వీడియోల స్టూడియోలో కూర్చోవచ్చు, డబ్బులు లేటుగా వస్తాయి, కస్టమర్ పాట మార్చమని నాలుగుసార్లు తిప్పుతాడు, అది కూడా చూడాలిగా. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని లక్షలడిగే చోట మాత్రం కట్టకండి, ముందు అక్కడి పిల్లలు చేసిన ఎడిట్లు చూపించమనండి.

మళ్లీ రాసేటప్పుడు ఒకటి చెప్పండి, తొమ్మిదిట్లో ఎన్ని పూర్తయ్యాయో. కంప్యూటర్‌లోకి ఎక్కించినవి కాదు, ఎడిట్ అయిపోయి డిస్క్ మీ చేతికొచ్చినవి.