ఉద్యోగం చేస్తూ అమెరికాలో ఆన్‌లైన్ ఎంఎస్: ఫీజు ఎలా కట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉద్యోగం చేస్తున్నారు, ఐటీలో ఆన్‌లైన్ ఎంఎస్ చేయాలని ఉంది, సేవింగ్స్ పెద్దగా లేవు, లోన్ తప్ప వేరే దారి ఉందా అని. ఉంది. నేను కూడా హెచ్-1బీ మీద ఉండగానే, ఉద్యోగం మానకుండా, పైసా అప్పు లేకుండా ఎంఎస్ పూర్తి చేశాను. ట్యూషన్ దాదాపు మొత్తం కంపెనీయే ఇచ్చింది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: యూనివర్సిటీ వెబ్‌సైట్ల కంటే ముందు, చదువుకి మీ కంపెనీ ఇచ్చే సాయం గురించి హెచ్ఆర్ పాలసీ తెరవండి. ఏ యూనివర్సిటీ, సెమిస్టర్‌కి ఎన్ని కోర్సులు, ఎప్పుడు మొదలుపెట్టాలి, అన్నీ దాన్నిబట్టే తేలతాయి. చాలామంది ర్యాంకు చూసి అప్లై చేసి, అడ్మిషన్ వచ్చాక డబ్బుల కోసం తల పట్టుకుంటారు.

అమెరికా ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 127 అని ఉంది. కంపెనీ దాని కింద ఒక ప్లాన్ పెట్టి మీ చదువుకి ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే, ఆ డబ్బు మీద మీరు పన్ను కట్టక్కర్లేదు. పౌరసత్వంతో గానీ వీసాతో గానీ దీనికి సంబంధం లేదు. చాలా కంపెనీలు ట్యూషన్ సాయాన్ని సరిగ్గా 5,250 దగ్గరే ఆపేయడానికి కారణం కూడా ఇదే. 1986లో ఈ అంకె పెట్టారు, అప్పట్నుంచి కదల్లేదు. 2026 తర్వాత ధరల పెరుగుదలను బట్టి పెంచేలా 2025లో చట్టం మార్చారు.

అసలు కిటుకు ఆ 'ఏడాది' అన్నదాంట్లో ఉంది. అది జనవరి నుంచి డిసెంబర్ దాకా, అంటే క్యాలెండర్ ఏడాది. మీరు ఆగస్టులో మొదలుపెట్టి వచ్చే ఏడాది కాక ఆ పై ఏడాది మే నెలలో పూర్తి చేశారనుకోండి. చదివింది రెండేళ్లే అయినా మూడు క్యాలెండర్ ఏళ్లు తగులుతాయి. అంటే 10,500 కాదు, 15,750 డాలర్ల దాకా పన్ను లేకుండా వస్తుంది. నేను ఫాల్‌లోనే (ఆగస్టులో మొదలై డిసెంబర్‌లో ముగిసే సెమిస్టర్) మొదలుపెట్టడానికి ఇదొక్కటే కారణం.

ఇప్పుడు ఈ లెక్కని ఫీజుల పక్కన పెట్టి చూడండి. జార్జియా టెక్ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ 2014లో మొదలైనప్పుడు మొత్తం డిగ్రీ 7,000 డాలర్ల లోపే అని ప్రకటించి అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఇప్పటికీ చవకైన వాటిలో అదొకటి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ట్యూషన్ 10,000 డాలర్లు, అంటే రెండు క్యాలెండర్ ఏళ్లలో సరిపోతుంది. కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్ వాళ్లు కోర్సెరాలో (ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్) నడిపే కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ క్రెడిట్‌కి (చదువుని కొలిచే యూనిట్) 525 చొప్పున 30 క్రెడిట్లకి 15,750. మూడేళ్ల పరిమితికి డాలరు కూడా తేడా రాదు! పైగా అక్కడ అప్లికేషన్, ట్రాన్స్‌క్రిప్టుల గొడవ లేదు. ముందు పెట్టే కొన్ని కోర్సుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే అదే అడ్మిషన్. తీసుకున్న కోర్సుకి మాత్రమే కడతారు కాబట్టి పని ఒత్తిడి ఉన్నప్పుడు ఆగిపోవచ్చు. మరోవైపు క్రెడిట్‌కి వెయ్యి డాలర్లు దాటిన ఆన్‌లైన్ డిగ్రీలూ ఉన్నాయి. అలాంటిది ఎంచుకుంటే 5,250 ఏ మూలకీ రాదు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. వీడియోలు చూసి అసైన్‌మెంట్లు చేసే చదువుకి ముప్ఫై వేలు పోయడం నాకైతే మనసొప్పలేదు.

ఇక డబ్బు చేతికి ఎలా వస్తుందన్నది. పాలసీలో నాలుగు లైన్లలో ఉంటుంది గానీ, టెన్షన్ అంతా ఇక్కడే. మా దగ్గర కోర్సు మొదలవ్వకముందే మేనేజర్ అప్రూవల్ ఉండాలి. తర్వాత పెడితే తీసుకోరు. ఫీజు మొదట మనమే కట్టాలి. సెమిస్టర్ అయ్యాక బి గ్రేడ్ గానీ అంతకంటే పైన గానీ వస్తేనే క్లెయిమ్. కోర్సు మధ్యలో డ్రాప్ చేస్తే రూపాయి రాదు. క్లెయిమ్‌కి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పనికిరాదు. ట్యూషన్ ఎంత, టెక్నాలజీ ఫీజు ఎంత, స్టూడెంట్ ఫీజు ఎంత అని విడివిడిగా చూపించే యూనివర్సిటీ రసీదు కావాలి. అందులో మా వాళ్లు ఇచ్చేది ట్యూషన్ మాత్రమే. ఆ చిల్లర ఫీజులు ప్రతి సెమిస్టర్‌కీ వసూలు చేస్తారు కాబట్టి, ఒక్కో కోర్సు చొప్పున సాగదీసిన కొద్దీ అవి పెరుగుతాయి.

అంటే కంపెనీ ఎంత ఇచ్చినా మొదటి సెమిస్టర్ ఫీజు మీ దగ్గర ఉండాల్సిందే. ఒకసారి ఆ డబ్బు సమకూర్చుకుంటే చాలు. వెనక్కి వచ్చినదాన్నే తర్వాతి సెమిస్టర్‌కి తిప్పొచ్చు. నేను అలాగే తిప్పాను. అయితే గ్రేడ్లు వచ్చేలోపే తర్వాతి సెమిస్టర్ ఫీజు గడువు పడుతుంది, ఆ కొన్ని వారాలు మాత్రం కాస్త ఇరుకు. వీలైతే రెండు సెమిస్టర్ల ఫీజు పక్కన పెట్టుకుని దిగండి. కార్డు మీద వడ్డీ పడనిస్తే ఈ ప్లాన్‌కి అర్థమే లేదు.

డిసెంబర్ విషయంలో జాగ్రత్త. ఫాల్ గ్రేడ్లు డిసెంబర్‌లో వస్తాయి. క్లెయిమ్ వెంటనే పెట్టినా డబ్బు జనవరి జీతంతో పడితే మా హెచ్ఆర్ దాన్ని కొత్త ఏడాది కింద రాసింది. నాకది కలిసొచ్చింది గానీ, కొత్త ఏడాదిలో ఎక్కువ కోర్సులు పెట్టుకున్నవాళ్లకి పరిమితి దాటిపోతుంది. దాటినదాన్ని కంపెనీ ఇచ్చినా, మామూలుగా అది జీతంలో కలిసి దాని మీద పన్ను పడుతుంది. మీ కంపెనీ ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటుందో ఈమెయిల్‌లో అడిగి పెట్టుకోండి.

అదే ఈమెయిల్‌లో ఇంకొకటి అడగండి: కంపెనీ మారితే ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టాలా, ఎంతకాలం లోపు, లేఆఫ్ అయితే కూడా కట్టాలా అని. మనం మారితే వెనక్కి అడగడం చాలా చోట్ల ఉంది, అందులో పెద్దగా అన్యాయం కూడా లేదు. వాళ్లే తీసేసి మళ్లీ వాళ్లే అడిగే పాలసీ అయితే మాత్రం నేను సంతకం పెట్టను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ సమయంలో ఈ బాకీ కూడా నెత్తిన పడకూడదు.

వీసా సంగతి. హెచ్-1బీ ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ చదువుకోవచ్చు, దానికి వేరే అనుమతి అక్కర్లేదు. కానీ పూర్తిగా ఆన్‌లైన్ డిగ్రీకి ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రాదు. కాబట్టి రేపు ఉద్యోగం పోతే ఈ చదువుతో ఎఫ్-1కి (స్టూడెంట్ వీసా) మారొచ్చు, ఓపీటీ (ఆ వీసా మీద చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) దొరుకుతుంది అనే ఆశ పెట్టుకోకండి.

లోన్ల గురించి క్లుప్తంగా. ప్రభుత్వ స్టూడెంట్ లోన్లు పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ ఇంకొన్ని ప్రత్యేక వర్గాలకీ తప్ప రావు, హెచ్-1బీకి రావు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: గ్రాడ్యుయేట్ లోన్ ఏడాదికి 20,500 దాకా ఇస్తారు, కనీసం హాఫ్‌టైమ్ చదవాలి, 2025-26లో వడ్డీ 7.94 శాతం, అది డబ్బు తీసుకున్న రోజు నుంచే ఎక్కుతుంది. నెలకో కోర్సు ఫీజు జీతంలోంచి తీయగలిగినవాళ్లు ఆ వడ్డీ జోలికి వెళ్లడం దండగ. ప్రైవేట్ లోన్లు మనలాంటివాళ్లకి ఇచ్చేవాళ్లున్నా చాలామంది కో-సైనర్‌ని (లోన్‌కి హామీగా సంతకం పెట్టే మనిషి) అడుగుతారు. స్కాలర్‌షిప్పుల మీద నేను టైమ్ పెట్టలేదు, పార్ట్‌టైమ్ ఆన్‌లైన్ వాళ్లకి దొరికేవి తక్కువ.

జేబులోంచి కట్టిన భాగానికి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే పన్ను రాయితీ ఉంది, వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు. కట్టినదాంట్లో 20 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గుతుంది. ఒక్క కోర్సు తీసుకున్నా చాలు. పన్ను లెక్కలో మీరు ఏడాదంతా రెసిడెంట్ అయి ఉండాలి. ఆదాయం ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకి 80,000 దాటితే తగ్గుతూ 90,000కి పూర్తిగా పోతుంది. భార్యాభర్తలు ఉమ్మడిగా అయితే 160,000 నుంచి 180,000. ఐటీ జీతాలకి చాలామందికి ఇది అందదు, ముందే చూసుకోండి. కంపెనీ పన్ను లేకుండా ఇచ్చిన డబ్బుకి మళ్లీ ఈ క్రెడిట్ అడగకూడదు.

మీరు ఈ ఉద్యోగంలో కొత్తగా చేరారని రాశారు. కొన్ని కంపెనీలు ఆరు నెలలో ఏడాదో సర్వీసు నిండితేనే ట్యూషన్ సాయం ఇస్తాయి. మీ దగ్గర అలా ఉంటే ఈలోపు డిగ్రీ కోర్సులకి డబ్బు కట్టకండి. బౌల్డర్ కోర్సుల్లాంటివి క్రెడిట్ లేకుండా కోర్సెరా సబ్‌స్క్రిప్షన్ మీద ముందే చదువుకోవచ్చు. ట్యూషన్ అర్హత వచ్చాక క్రెడిట్‌కి మార్చుకునే వీలుందో లేదో ఆ ప్రోగ్రాం పేజీలో చూసుకుని దిగండి.