శనివారం పెళ్ళి, ఆదివారం గడువు

బ్రాడీపేట, గుంటూరు
బుధవారం రాత్రి

అమ్మాయీ,

నీ మెయిలు చూశాను. శనివారం రాత్రి 11 దాటాక విజయవాడలో మీ పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి. ఆదివారం పొద్దున పటమటలో గృహప్రవేశం, మధ్యాహ్నం మంగళగిరి పక్కన తోటలో కార్తీక వనభోజనాలు. సంక్రాంతి కథల పోటీకి గడువేమో అదే ఆదివారం రాత్రి 12. కథ 700 మాటల దగ్గర ఆగింది, వాళ్ళు 1500 దాటకూడదన్నారు. వీటిలో ఏది మానెయ్యమంటారు అని అడిగావు.

పెళ్ళి మానేస్తే మీ పెద్దమ్మ పదేళ్ళు గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి ఆ ఊసు వద్దు. శని, ఆదివారాల్లో కొత్తగా రాయడం మానెయ్యి, చాలు. ఆ రెండు రోజులూ కొట్టెయ్యడం, సరిచెయ్యడం, చదివించుకోవడం, పంపడం. కొత్త వాక్యాలన్నీ శుక్రవారం రాత్రికే పడిపోవాలి.

ఎందుకంటే కొత్త సన్నివేశం రాయడానికి ఒకే పట్టున గంట కావాలి. అందులో పావుగంట, నిన్న ఎక్కడ ఆపామో అందుకోవడానికే పోతుంది. పెళ్ళివారింట్లో గంట దొరకదు. పది నిమిషాల ముక్కలు బోలెడు దొరుకుతాయి. ఒక పేజీలో అక్కర్లేని మాటలు కొట్టెయ్యడానికి పది నిమిషాలు సరిగ్గా సరిపోతాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. వారమంతా మొదటి పేజీకి మెరుగులు దిద్దుతూ కూర్చుని, ముగింపుని ఆదివారానికి అట్టేపెడతారు. అందుకే పోటీ కథల్లో సగం కథలు చివరి పేజీలో పరిగెడతాయి.

ఇక లెక్క. నీకు 800 మాటలు కావాలి. చిత్తుప్రతికి గంటకి 300 వేసుకో. రేపు గంటన్నర, ఎల్లుండి గంటన్నర. రేపు కూర్చోగానే ముగింపు రాసెయ్యి. నచ్చకపోయినా ఫరవాలేదు, ఎక్కడికి చేరాలో తెలిస్తే మధ్యలో దారి తప్పవు. మాట తోచని చోట ఆగిపోకుండా, 'ఇక్కడ కమీషన్ వ్యాపారి వెటకారం' అని బ్రాకెట్లో పెట్టి ముందుకి పో. అలాంటి ఖాళీలు నాలుగు దాటితే మాత్రం, ఆ చోటు గురించి నువ్వింకా ఆలోచించలేదని అర్థం.

1500 మాటల్లో రెండు సన్నివేశాలు హాయిగా పడతాయి. మూడు ఇరుకవుతాయి, నాలుగు పట్టవు. నువ్వు చెప్పిన కథలో నాలుగున్నాయి: మిర్చి యార్డు, ఇల్లు, ఆస్పత్రి, మళ్ళీ యార్డు. ఆస్పత్రి తీసెయ్యి. అక్కడ జరిగేదంతా డాక్టరు మాటలు, బంధువుల ఏడుపు. అవి పాఠకుడు వంద కథల్లో చదివినవే. రెండోసారి యార్డుకి వచ్చినప్పుడు టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెడుతున్న మనిషి మణికట్టు పైన, సెలైన్ సూది తీసిన చోట అంటించిన దూది ఇంకా ఊడకుండా ఉందనుకో. దాని మీద మిరప దుమ్ము ఎర్రగా పట్టింది. అది చూసి కమీషన్ వ్యాపారి ఏమీ అడగలేదు. 300 మాటల ఆస్పత్రి ఈ మూడు వాక్యాల్లో అయిపోయింది. ఆ మిగులుని ఇంటి సన్నివేశానికి ఇవ్వు, దానికే ఊపిరాడటం లేదు.

శుక్రవారం రాత్రి 11కి కూడా మొదటి నుంచి చివరిదాకా చిత్తుప్రతి లేకపోతే పోటీ వదిలేసి, కథ ఊసు లేకుండా పెళ్ళికి వెళ్ళు. ఇది కోపంతో అంటున్నది కాదు. పత్రికలవాళ్ళు మామూలు సంచికలకి కథలు ఏడాది పొడుగునా తీసుకుంటారు, ఉగాదికి మళ్ళీ పోటీలుంటాయి. కంగారులో పంపిన కథ ఇంకెక్కడికీ పంపుకోవడానికి వీల్లేకుండా నెలల తరబడి అక్కడ ఇరుక్కుంటుంది.

శనివారం పొద్దున కథని ప్రింటు తీయించు. అక్షరం సైజు 14, వరసల మధ్య ఒకటిన్నర ఎడం, కాగితానికి ఒకవైపే. ఏడు పేజీలు వస్తుంది. ఎడమవైపు రెండు వేళ్ళ వెడల్పు మార్జిన్ వదలమను. ఫోన్‌లో సరిదిద్దుకుంటాను అనుకోకు. పట్టుచీర కట్టుకుని పెళ్ళిపందిట్లో ఫోన్ పట్టుకుంటే ఫొటోలు తియ్యమనేవాళ్ళే అందరూ. పైగా ఫోన్ తెరమీద ఒక పేరా తప్ప కనపడదు, పేజీ బరువు తెలీదు. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకో, ఒక బాల్ పెన్ను. ఎవరైనా ఏంటమ్మా అది అంటే ఆఫీసు పని అని చెప్పు. ఆఫీసు పని అంటే కుర్చీ వేసి కూర్చోబెడతారు, కథ అంటే పప్పు వడ్డించమంటారు. ఈ లోకరీతిని మార్చడం ఈ వారం మన పని కాదు.

మధ్యాహ్నం 3కే బయల్దేరు. మామూలుగా గంట, గంటన్నర ప్రయాణమే కానీ కార్తీకంలో ముహూర్తం ఉన్న శనివారం కాజ టోల్‌గేటు దగ్గరా వారధి మీదా ఎంతసేపు ఆగుతావో చెప్పలేం. రైల్లో కిటికీ సీటు దొరికితే రెండు పేజీలు అవుతాయి. కారులో చదవకు, కళ్ళు తిరుగుతాయి.

పెళ్ళిలో నువ్వు తప్పకుండా ఉండాల్సిన సమయాలు రెండు. సాయంత్రం చుట్టాలు దిగేటప్పుడు గంట, పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చినప్పట్నుంచి జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాల దాకా. ఈ రెండింట్లో కాగితం బయటికి తియ్యకు. మధ్యలో 8 నుంచి 10 దాకా జనమంతా స్టేజీ మీద ఫొటోల వరసలోనో భోజనాల దగ్గరో ఉంటారు. నీ ముక్కలు అక్కడున్నాయి. పేజీకొక ముక్క, మూడే గుర్తులు: అక్కర్లేనిది అడ్డంగా కొట్టెయ్యి, అనుమానమున్న మాట కింద గీత, అర్థం కానిచోట ప్రశ్నార్థకం. పేర్లు కూడా అప్పుడే చూడు. మొదటి పేజీలో వెంకటేశ్వర్లు నాలుగో పేజీలో వెంకటరత్నం అవడం కొత్తవాళ్ళ కథల్లో మామూలే.

సన్నాయి మోగుతుండగా సంభాషణలు రాయబోకు. చుట్టూ వినపడే మాటల ఊపు పాత్ర నోట్లోకి వచ్చేస్తుంది. మంచి ఆలోచన తడితే అరనిమిషం ఆడియో రికార్డు చేసుకో, ముందు పేజీ నంబరు చెప్పి ఆ తర్వాత విషయం చెప్పు. మాట్లాడితే టైపు అయ్యే సదుపాయాన్ని అక్కడ నమ్మకు. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే అది ల, ళలు మారుస్తుంది, ఒత్తులు మింగుతుంది. ఇక మేళం దగ్గర ఏం రాసిపెడుతుందో ఊహించుకో.

ఇంకో ప్రమాదం ఉంది. పెళ్ళి వంటల దగ్గర గాడిపొయ్యి మీంచి గుండిగ దించేటప్పుడు వంటమేస్త్రీ గరిటెని అంచుకేసి రెండుసార్లు కొడతాడు, వంటకుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి చెరోపక్క పట్టుకుంటారు. అలాంటిది కంట పడగానే ఈ కథలోకి తెచ్చెయ్యాలనిపిస్తుంది. తేకు. తేదీ వేసి నోటుబుక్కులో రాసుకో, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. ఆ పూట చూసింది ఆ పూటే కథలో పెడితే అతుకు తెలిసిపోతుంది. చుట్టాల్ని పెడితే ఇంకా ముందే తెలిసిపోతుంది.

రాత్రి గుంటూరు తిరిగి రాకు. అక్కడే చుట్టాలింట్లో పడుకుని కనీసం అయిదు గంటలు నిద్రపో. నిద్రలేని కన్ను అచ్చుతప్పు మీదుగా జారిపోతుంది.

గృహప్రవేశానికి తెల్లవారుజామున పాలు పొంగించేటప్పటికి నువ్వు వెళ్ళలేవు, ఎవరూ ఏమీ అనుకోరు. సత్యనారాయణ వ్రతకథ అయిదు అధ్యాయాలు. మూడోదానికి చేరినా కూర్చున్నట్టే లెక్క, ప్రసాదమూ తాంబూలమూ అందుతాయి. టిఫిను చాలు, భోజనానికి ఆగితే గంటన్నర పోతుంది. వనభోజనాలున్నాయని శుక్రవారమే ఫోన్ చేసి చెప్పు. అప్పటికప్పుడు గుమ్మంలో చెప్తే చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెడతారు.

అలా మిగిలిన 10 నుంచి 11:30 దాకా నీ అసలు సమయం. తలుపు వేసుకోవడానికి వీలున్న గదిలో కూర్చుని కాగితం మీది గుర్తులన్నీ ఫైల్లోకి ఎక్కించు. చివరి పేజీ నుంచి మొదలుపెట్టి వెనక్కి రా. మొదటి పేజీ నుంచి మొదలెడితే మళ్ళీ కథలో పడిపోయి దిద్దడం మర్చిపోతావు. ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. 'ఆఫీస్‌లో', 'బస్‌లో' అని మనం రాస్తే పొల్లు తర్వాత అక్షరం విడిగా నిలబడటానికి మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి ఉంటుంది. మనం టైపు చేసిన యూనికోడ్ ఫైలుని, అచ్చుకి పేజీలు కట్టేవాళ్ళు వాడే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ఆ గుర్తు ఎగిరిపోవచ్చు. అప్పుడు 'ఆఫీస్లో', 'బస్లో' అని సకారానికి లావొత్తు తగులుకుంటుంది. 'ఆఫీసులో', 'బస్సులో' అని రాస్తే ఆ బెడదే లేదు, వినడానికీ అదే బావుంటుంది.

వనభోజనాల్ని గడువుకి శత్రువులా చూడకు, నీకు ఉచితంగా పాఠకులు దొరికే చోటది. ఉసిరి చెట్టు కింద వడ్డన 12:30 అంటారు, 2 అవుతుంది. ఆ ఖాళీలో రాసే అలవాటు లేని మీ చెల్లెళ్ళలో ఒకర్ని పక్కకి తీసుకెళ్ళి కథ పైకి చదవమను. 1500 మాటలకి పావుగంట. నువ్వు చదవకు, నీ గొంతు నీ వాక్యంలోని గుంటల్ని కప్పేస్తుంది. తను ఎక్కడ తడబడి వెనక్కి వెళ్ళి చదివిందో అక్కడ గీత పెట్టు. ఎలా ఉందని అడగకు, బావుందక్కా అంటుంది. 'ఆయన రెండోసారి యార్డుకి ఎందుకెళ్ళాడంటావ్?' అని అడుగు. తను చెప్పింది నువ్వనుకున్నదానికి దగ్గర్లో ఉంటే కథ నిలబడినట్టే. లేకపోతే ఆ ఒక్క చోట ఒక వాక్యం కొత్తగా రాయి. ఈ రెండు రోజులూ కొత్తగా రాయొద్దని నేను పెట్టిన నియమాన్ని దాటాల్సిన చోటు ఇదొక్కటే. భోజనాలయ్యాక హౌసీ మొదలవుతుంది, అప్పుడు లే.

పంపే వేళ సాయంత్రం 6. రాత్రి 12 అన్నది వాళ్ళ గడువు, నీది కాదు. తోటలో సిగ్నల్ ఉండదు, ఇంటికి చేరేసరికి ఛార్జింగ్ ఉండదు. నియమాల పేజీ మాత్రం ఈ రాత్రే ఇంకోసారి చదువు. యూనికోడ్ ఓపెన్ ఫైలు, అంటే వాళ్ళు దిద్దుకోవడానికి వీలున్నది, అడిగితే పీడీఎఫ్ పంపకూడదు. కొన్ని పోటీల్లో కథ పేజీల మీద రచయిత పేరు కనపడకూడదు, పేరూ చిరునామా హామీపత్రంలోనే. ఆ హామీపత్రాన్ని శుక్రవారమే రాసి సంతకం చేసి ఫొటో తీసి ఉంచు: కథ సొంతం, అనువాదమూ అనుసరణా కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు. ఒకవేళ పోస్టులోనే పంపమంటే నీ గడువు ఆదివారం కాదు, రేపే. పంపాక సెంట్ ఫోల్డర్లోకి వెళ్ళి జోడించిన ఫైలు తెరిచి చూసుకో. చిత్తుప్రతి వెళ్ళిపోవడం కొత్తేమీ కాదు.

నీ కథ చదివిన చెల్లెలు ఫైలు పంపు అక్కా అంటుంది, తప్పకుండా అంటుంది. పంపితే అర్ధరాత్రికల్లా పెళ్ళి ఫొటోల మధ్య ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది, అక్కణ్ణుంచి ఎవరో బాబాయి గారు ఫేస్‌బుక్కులో పెట్టి నిన్ను మెచ్చుకుంటారు. సోషల్ మీడియాలో వచ్చినా ప్రచురించినట్టే లెక్క అని చాలా పోటీల నియమాల్లో ఉంటుంది. ఫలితాలు వచ్చేదాకా కాగితం చూపించు, ఫైలు ఎవరికీ ఇవ్వకు.

ఆశీస్సులతో,
మాస్టారు