అమ్మకు రెండో సీటు కొనాలా? ముందు టేపు తీసి కొలవండి

హన్మకొండ నుంచి అమ్మను డల్లాస్ పంపుతున్నాం, మనిషి భారీ, ఒక ఎయిర్‌లైన్ రెండు సీట్లు కొనమంటోంది, ఇంకోటి అక్కర్లేదంటోంది, ఇదేం న్యాయం అని ఒకరు అడిగారు.

మామూలుగా కిలోలు ఎవరూ చూడరు. రెండు పక్కలా ఆర్మ్‌రెస్ట్ పూర్తిగా కిందికి దిగాలి, ఒక్క ఎక్స్‌టెండర్‌తో (సీటు బెల్టుకు కలిపే అదనపు ముక్కతో) బెల్టు పడాలి. యునైటెడ్ అడిగేది ఇదే. డెల్టా రెండో సీటు కొనాల్సిందే అనదు, పక్కవాళ్లకు ఇరుకైతే వేరే సీటుకు మారమంటుంది. ఎయిర్ ఫ్రాన్స్ రెండో సీటు 25 శాతం తక్కువకిచ్చి, విమానం నిండకపోతే ఆ డబ్బు వాపస్ ఇస్తుంది. సౌత్‌వెస్ట్‌లో ఇదివరకు విమానం నిండినా వాపస్ వచ్చేది. 2026 జనవరి 27 నుంచి ముందే కొనాలి, కనీసం ఒక సీటు ఖాళీగా పోతేనే వాపస్.

అసలు లొల్లి సీటుతోనే. బోయింగ్ 737లో సీటు వెడల్పు సుమారు 17 ఇంచులు, ఎయిర్‌బస్ 320లో సుమారు 18. బోయింగ్ 777లో వరుసకు తొమ్మిది సీట్లుంటే కాస్త వెసులుబాటు, పది బిగిస్తే మళ్లీ 17 దగ్గరికే. షంషాబాద్‌లో ఎక్కిన విమానంలో సరిపోయిన మనిషే గల్ఫ్‌లో మారిన విమానంలో ఇరుక్కోవచ్చు. సీటు వాళ్లు చిన్నది చేసి, తేల్చే పని గేటు దగ్గరి సిబ్బంది కంటిచూపుకు వదిలెయ్యడం నా దృష్టిలో అన్యాయం. కెనడాలో 2008లో ఇచ్చిన తీర్పుతో, ఊబకాయం వైకల్యం స్థాయికి చేరినవాళ్ల నుంచి రెండో సీటుకు డబ్బు తీసుకోవద్దన్నారు. అదీ ఆ దేశం లోపలి విమానాలకే. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఊబకాయం లేదు.

ఇంట్లోనే కొలవండి. అమ్మను చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, తుంటికి రెండు పక్కలా రెండు గట్టి పుస్తకాలు నిలబెట్టి, మధ్య దూరం టేపుతో చూడండి. 17 దాటితే టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసి అమ్మ చేతికివ్వండి. టికెట్ ఒక ఎయిర్‌లైన్ అమ్మి, విమానం ఇంకో ఎయిర్‌లైన్ నడిపితే, నడిపేవాళ్లనే అడగాలి.

ముందు వరుస తీసుకోవద్దు. కాళ్లకు చోటుంటుంది గాని, ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోనే ఉంటుంది కాబట్టి రెండు సీట్లు కలుపుకుందామన్నా అది పైకి లేవదు. ఎక్స్‌టెండర్ వాడేవాళ్లను చాలా కంపెనీలు ఎమర్జెన్సీ ద్వారం వరుసలో కూర్చోనియ్యవు. ఎక్స్‌టెండర్ సుమారు రెండడుగుల బెల్టు ముక్క, ఎక్కేటప్పుడే సిబ్బందిని అడిగితే ఇస్తారు. బయట కొన్నది చాలా కంపెనీలు ఒప్పుకోవు.

రెండో సీటు కొంటే వెబ్‌సైట్‌లో అమ్మ పేరే రెండుసార్లు కొట్టొద్దు, డూప్లికేట్ అని ఒకటి రద్దయిపోవచ్చు. ఫోన్‌లోనో ఏజెంట్ దగ్గరో ఎక్స్‌ట్రా సీటుగా వేయించండి. విమానం మారితే రెండు సీట్లు వేర్వేరు వరుసల్లో పడొచ్చు, బయలుదేరే ముందురోజు మళ్లీ చూడండి. గేటు దగ్గర రెండు బోర్డింగ్ పాసులూ స్కాన్ చేయించమని అమ్మకు గట్టిగా చెప్పండి. ఒక్కటే స్కానైతే, రెండో మనిషి రాలేదనుకొని ఆ సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు ఇచ్చేయొచ్చు.