నెలలు నిండని బాబుకు గుండెలో ఫంగస్ గడ్డ: ఛాతీ తెరవకుండా ట్యూబుతో లాగేస్తామంటే ఒప్పుకోవచ్చా?

28 వారాలకే పుట్టిన మీ బాబుకు గుండె కుడి పై గదిలో ఫంగస్ గడ్డ ఉందని, ఆపరేషన్ లేకుండా ట్యూబుతో లాగేస్తామంటున్నారని రాశారు. మా పాపకూ ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాను, తల్లిని. చూసింది చెబుతాను.

పాప 27 వారాలకు పుట్టింది, 940 గ్రాములు. చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా మందులెక్కించే సన్నటి ట్యూబు, అంటే లైను వేశారు. నాలుగో వారంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రక్తంలో క్రిములున్నాయా అని చూసే బ్లడ్ కల్చర్‌లో క్యాండిడా అనే ఫంగస్ వచ్చింది. ఎకో (గుండె స్కానింగ్) తీస్తే లైను కొస ఉన్నచోటే గడ్డ. ‘వెజిటేషన్’ అన్నారు, నాకు కూరగాయలే గుర్తొచ్చాయి.

లైను తీసేసి ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు. పది రోజులైనా కల్చర్ పాజిటివే. గడ్డ ప్రతి గుండె చప్పుడుకీ వాల్వులోకి జారి మళ్లీ వెనక్కొస్తోంది. ఛాతీ తెరవాలంటే గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ పెట్టాలి, దానికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ పెద్ద డోసులో ఇవ్వాలి. ఇంత పసివాళ్లకు మెదడులో రక్తస్రావం అవుతుందని భయం. అందుకే తొడ మొదట్లోని నరంలోంచి ట్యూబు పంపుదామన్నారు.

‘ఇంత బరువు పిల్లలకు ఎంతమందికి చేశారు?’ అని మావారు అడిగారు. ‘ఒక్కరికి’ అన్నారు డాక్టరు గారు. ఆ మాట దాచనందుకే సంతకం పెట్టాం. ఆ ట్యూబులు కూడా పెద్దవాళ్ల రక్తపు గడ్డలు తీయడానికి చేసినవేనట.

మీరు గట్టిగా అడగాల్సింది ఇది. ఈ పిల్లలకు గుండె పై గదుల మధ్య కన్నం ఇంకా తెరిచే ఉండొచ్చు. లాగేటప్పుడు ముక్క ఊడితే మామూలుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కన్నం దాటిందంటే మెదడుకూ పోవచ్చు. కన్నం ఉందా, రక్తం ఎటు పారుతోంది అని అడగండి. రక్తం సిద్ధంగా ఉంచారా అనీ అడగండి. కిలో బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 80-100 మిల్లీలీటర్లే, సక్షన్ గడ్డతోపాటు దాన్నీ లాగేస్తుంది.

అయ్యాక గాజుగుడ్డ మీద చూపించారు: బియ్యపు గింజలో సగం, తెల్లగా, పీచుపీచుగా. తొడ దగ్గర సూది గుచ్చిన మచ్చ, అంతే. కాలు మాత్రం రెండు రోజులు నీలంగా ఉండి మమ్మల్ని చంపేసింది. నాలుగో రోజు కల్చర్ నెగటివ్. అక్కడితో అయిపోయిందనుకోకండి, ఆ తర్వాత ఇంకా ఆరు వారాలు మందు ఎక్కించారు. పొటాషియం, కిడ్నీ పరీక్షల కోసం మాటిమాటికీ మడమ గుచ్చేవాళ్లు.

బాబుకు ఆ పాత లైను తీశారో లేదో మీరు రాయలేదు. ముందు అది కనుక్కోండి.